నున్నని బంపర్ లోపల ఏముంది: ఒక పాత స్విఫ్ట్ కేస్ స్టడీ

వాహనం రెండో తరం మారుతీ స్విఫ్ట్. తెల్ల రంగు, ఫాగ్ లైట్లు లేని వేరియంట్. పని ముందు బంపర్ మరమ్మతు, దానితో పాటు గాట్లూ గుంతలూ లేకుండా నున్నగా చేసి కస్టమ్ రూపానికి తేవడం. చేసిన చోటు విజయవాడ ఆటోనగర్‌లోని మా షెడ్డు.

ఈ ఒక్క పనిని ఇంత వివరంగా రాయడానికి కారణం ఉంది. ఇలాంటి బంపర్లు మా దగ్గరికి ఎక్కువగా రెండోసారి మరమ్మతుకే వస్తాయి. మొదటిసారి చేసినవారు పైకి అందంగానే చేసి పంపుతారు. ఒక ఎండాకాలం గడిచేసరికి లప్పం పగిలి, పెయింటు పొరలుగా లేస్తుంది. యజమాని పెయింటును తిట్టుకుంటాడు, పెయింటర్ ఎండను తిట్టుకుంటాడు. కింద ఉన్న ప్లాస్టిక్ ఏ రకమో, దానికి ఏది అంటుతుందో, ఏది అంటదో చూసుకుని ఉంటే ఆ రెండు తిట్లూ అవసరం ఉండేవి కావు. రంధ్రాన్ని లప్పంతో పూడ్చకూడదు, అదే ప్లాస్టిక్‌తో పూడ్చాలి. లప్పం ఉన్నది గీతలు కప్పడానికే. ఈ కేసు మొత్తం ఆ మాట చుట్టూ తిరుగుతుంది.

బండి వచ్చినప్పటి స్థితి

యజమాని గుడివాడ కుర్రవాడు. బండిని సెకండ్ హ్యాండ్‌లో కొన్నాడు. పాత యజమాని బంపర్ ముందు ఇనుప బుల్ గార్డ్ పెట్టించి తర్వాత తీయించాడు. 2017 డిసెంబరులో కేంద్ర రవాణా శాఖ ఈ గార్డులు మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్‌కు విరుద్ధమని రాష్ట్రాలకు రాసిన తర్వాత చాలామంది అలాగే తీయించారు. గార్డు పోయినా, బ్రాకెట్ల కోసం బంపర్ కింది అంచులో కోసిన గాట్లు మాత్రం మిగిలిపోతాయి. ఈ బండికీ అలాంటివి రెండు ఉన్నాయి. ఎడమ మూలలో చక్రం వైపు నుంచి జానెడు పొడవున పగులు. నంబర్ ప్లేటు మార్చినప్పుడల్లా కొత్తగా వేసిన స్క్రూ రంధ్రాలు. కుడివైపు ఎవరో ఇంతకుముందే లప్పం పెట్టి రంగు కొట్టిన భాగం, దాని చుట్టూ సన్నని పగులు గీత.

అతను ఫోనులో కొన్ని బొమ్మలు చూపించాడు. "మేస్త్రీ గారూ, ముందు భాగం మొత్తం ఒకే ముక్కలా కనిపించాలి. ఫాగ్ లైట్ల చోట ఆ నల్ల మూతలు ఉండకూడదు. కింద ఆ గరుకు నలుపు కూడా నున్నగా, తెల్లగా కావాలి" అన్నాడు. ఇంతవరకు న్యాయమైన కోరికే. ఆ తర్వాత, బంపర్‌కూ, ముందు చక్రం పైనుండే రేకు ఫెండర్‌కూ మధ్య ఉన్న సందును పూడ్చేయమన్నాడు. వెనుక బంపర్‌లోని ఎర్ర రిఫ్లెక్టర్లు తీసేసి ఆ చోటునూ చదును చేయమన్నాడు. ముందు బంపర్‌లో టోయింగ్ హుక్ మూతను కూడా కలిపేయమన్నాడు.

ఒప్పుకోనివి

సందు పూడ్చడం కుదరదని మొదటే చెప్పాను. ఇది మొహమాటానికి ఒప్పుకుని తర్వాత బాధపడే పని. ఈ రకం ప్లాస్టిక్ ఒక్కో డిగ్రీ వేడికి మీటరుకు సుమారు 0.08 మిల్లీమీటర్లు సాగుతుంది. ఇనుప రేకు సాగేది 0.012 మాత్రమే. స్విఫ్ట్ వెడల్పు దాదాపు 1.7 మీటర్లు. జనవరి తెల్లవారుజామున చల్లగా ఉన్న బంపర్, మే నెల మధ్యాహ్నం ఎండలో నిలిపిన బండి మీద ఉన్న బంపర్ మధ్య 40 డిగ్రీల తేడా తేలిగ్గా ఉంటుంది. ఆ లెక్కన బంపర్ 5 మిల్లీమీటర్లకు పైగా పెరుగుతుంది, రేకు ఒక్క మిల్లీమీటరు కూడా పెరగదు. ఈ తేడాను మింగడానికే కంపెనీవారు ఆ సందును, దాని లోపల జారే క్లిప్పులను పెట్టారు. దాన్ని ఎంత మంచి పదార్థంతో పూడ్చినా ఎండాకాలానికి పగుళ్లు వచ్చి తీరతాయి. పైగా చిన్న దెబ్బకు బంపర్ ఒక్కటే విప్పి బాగుచేసుకునే వీలు పోయి, ఫెండర్‌ను కూడా కోయాల్సి వస్తుంది.

రిఫ్లెక్టర్లు తీయడం చట్టానికి విరుద్ధం. 1989 కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లోని 104వ నిబంధన వెనుకవైపు ఎర్ర రిఫ్లెక్టర్లు ఉండాలని చెబుతుంది. చట్టం సంగతి పక్కన పెట్టినా, రాత్రి బైపాస్ రోడ్డు పక్కన లైట్లు ఆపి నిలిపిన బండి వెనుక వచ్చే లారీ డ్రైవర్‌కు కనిపించేది ఆ రెండు ఎర్ర ముక్కలే. అందం కోసం వాటిని తీయడానికి నా చేయి రాదు. అతనికి ఇదే చెప్పాను. కాసేపు ముఖం ముడుచుకున్నా చివరికి ఒప్పుకున్నాడు.

టోయింగ్ హుక్ మూతను అంటించేస్తే బండి ఆగిపోయిన రోజు బంపర్‌ను పగలగొట్టి హుక్ బిగించాలి. ఆ మూతను అలాగే ఉంచి, అంచులు సరిచేసి, రంగు కలిపేస్తే నాలుగు అడుగుల దూరం నుంచి అది కనిపించనే కనిపించదు. కింది గ్రిల్ కూడా ముట్టుకోలేదు. దాని వెనుక ఏసీ కండెన్సర్, రేడియేటర్ ఉన్నాయి, కృష్ణా జిల్లా ఎండల్లో వాటికి గాలి తగ్గించకూడదు. ఫాగ్ లైట్ల చోటు వేరు. ఈ వేరియంట్‌లో అక్కడ గాలి దారి లేదు, ఉన్నవి మూతలే. మూసినా నష్టం లేదు.

ప్లాస్టిక్ ఏదో తెలుసుకోవడం

బంపర్ విప్పి బల్ల మీద బోర్లా పెట్టాము. లోపలివైపు అచ్చులో పోసిన గుర్తు ఉంటుంది, దాన్ని వెతకడం మొదటి పని. మట్టి కడిగి చూస్తే, రెండు బాణం ముక్కుల మధ్య పీపీ ప్లస్ ఈపీడీఎం, ఆ పక్కన టీ 20 అని ఉంది. అంటే పాలీప్రొపిలీన్, పగలకుండా అందులో కలిపిన రబ్బరు, గట్టిదనానికి 20 శాతం టాల్క్ పొడి. ఇప్పటి కార్ల బంపర్లలో ఎక్కువ భాగం ఈ కుటుంబానివే. టాల్క్ శాతం మాత్రం మారుతుంది.

గుర్తు చెరిగిపోయిన బంపర్లకు చాలామంది నీటి పరీక్ష చేస్తారు. చిన్న ముక్క గీరి నీళ్లలో వేసి, తేలితే పీపీ (పాలీప్రొపిలీన్), మునిగితే ఏబీఎస్ అనే మరో రకం ప్లాస్టిక్ అంటారు. స్వచ్ఛమైన పీపీ నీటికన్నా తేలిక కాబట్టి తేలుతుంది. కానీ 20 శాతం టాల్క్ ఉన్నది నీటికన్నా కాస్త బరువెక్కి మునిగిపోవచ్చు. ఈ పరీక్షను నమ్మి పీపీ బంపర్‌కు ఏబీఎస్ జిగురు పెట్టినవారిని చూశాను. అంతకన్నా నమ్మదగింది గీరిన ముక్కను కాల్చి చూడటం. పీపీ కాలితే కొవ్వొత్తి ఆర్పినప్పటి వాసన వస్తుంది, పొగ తక్కువ. ఏబీఎస్ కాలితే నల్లని మసి దట్టంగా లేస్తుంది. పాత బండ్లలో కనిపించే కొన్ని పాలీయురేథేన్ రకాలు అసలు కరిగి కలవవు, వాటిని వెల్డింగ్ చేయాలని చూడటం వృథా. కాల్చి చూసేటప్పుడు పొగ పీల్చకూడదు, ముక్క గోరంత ఉంటే చాలు.

పీపీ గుణం ఒకటి తెలిస్తే మిగతా పనంతా అర్థమవుతుంది. దానికి ఏదీ అంటదు. పెట్రోలియం నుంచి వచ్చిన మైనం లాంటి పదార్థమే అది. నీళ్లు చల్లితే బొట్లుగా జారిపోతాయి, మాస్కింగ్ టేపు కూడా సరిగా పట్టదు. జిగురు, లప్పం, ప్రైమర్ అన్నిటికీ అదే గతి. కంపెనీలో రంగు వేసే ముందు దాని మీద మంట పట్టించో, ప్రత్యేక ప్రైమర్ వేసో ఆ గుణాన్ని మార్చుతారు. బయట మనం చేసే మరమ్మతులో ఆ దశనే చాలామంది వదిలేస్తారు.

పాత లప్పం

కుడివైపు పాత మరమ్మతు భాగంలో పగులు గీత కిందికి ఉలి కొన దూర్చి కొంచెం లేపాను. లప్పం అప్పడంలా ఒకే పలకగా ఊడి వచ్చింది. దాన్ని తిప్పి చూస్తే అడుగు భాగం నున్నగా మెరుస్తోంది. బంపర్ మీద అసలు ఎమరీ పెట్టనే లేదు, మామూలు రేకు లప్పాన్ని నున్నటి పీపీ మీద నేరుగా పూశారు. మందం కొన్నిచోట్ల 5 మిల్లీమీటర్లు. దాని కింద నొక్కుడు గుంత అలాగే ఉంది. హాట్ ఎయిర్ గన్‌తో వెనుక నుంచి వేడి చేసి, చెక్క పిడితో లోపలి నుంచి నెడితే ఆ గుంత మూడొంతులు పైకి వచ్చేసింది. పీపీకి తన ఆకారం గుర్తుంటుంది, మెల్లగా వేడిచేస్తే తనంతట తానే తిరిగి వస్తుంది. లప్పంతో నింపాల్సిన గుంతే కాదు అది.

రేకుకు వాడే పాలిస్టర్ లప్పం గట్టిపడిన తర్వాత వంగదు. బంపర్ మాత్రం ప్రతి గుంతకూ, ప్రతి స్పీడ్ బ్రేకర్‌కూ వణుకుతుంది. వేలితో నొక్కితే లోపలికి పోయి పైకి వస్తుంది. వంగేదాని మీద వంగనిది పూస్తే ఏం జరుగుతుందో ఆ పలకే చూపించింది. దాన్ని ఆ కుర్రవాడి చేతికి ఇచ్చాను. అక్కడి నుంచి అతను ఖర్చు గురించి బేరం ఆడలేదు.

కడగడం

ఇది రాయడానికి చిన్న దశ, చేయడానికి పెద్దది. నల్ల గరుకు భాగాలు మెరవడానికి యజమానులు డాష్‌బోర్డ్ పాలిష్, టైర్ పాలిష్ రుద్దుతారు, కొందరు కిరోసిన్, డీజిల్ కూడా రాస్తారు. పాలిష్‌లోని సిలికాన్ గరుకు గుంతల్లో ఇంకి కూర్చుంటుంది. ఎమరీ ముందు పెట్టి తర్వాత కడిగితే ఆ సిలికాన్‌ను మనమే ప్లాస్టిక్‌లోకి రుద్ది పంపినట్టు. అందుకే ముందు సబ్బు నీళ్లు, బ్రష్షు. తర్వాత వ్యాక్స్ గ్రీజు రిమూవర్‌తో ఒక గుడ్డ తడిపి తుడవడం, ఆరకముందే రెండో పొడి గుడ్డతో ఎత్తేయడం. మామూలు థిన్నర్ వాడకూడదు, అది ప్లాస్టిక్‌లోకి ఇంకి తర్వాత పెయింటు కింద నుంచి పైకి తన్నుకొస్తుంది. ఈ మొత్తం ఎమరీకి ముందు ఒకసారి, తర్వాత మళ్లీ ఒకసారి.

వెల్డింగ్

పగులు చివర ఎక్కడ ఆగిందో వెతికి అక్కడ 3 మిల్లీమీటర్ల రంధ్రం వేశాను. ఇది వేయకపోతే ఎంత బాగా అతికినా పగులు ఆ కొన నుంచి మళ్లీ పాకుతుంది. కొన కంటికి కనిపించిన చోట కన్నా కాస్త ముందుకే ఉంటుంది. బంపర్‌ను కొంచెం వంచితే తెల్లటి గీత తేలుతుంది, దాని చివరే అసలు కొన. తర్వాత పగులు వెంబడి లోపలి వైపు నుంచి మూడింట రెండు వంతుల లోతున వీ ఆకారపు గాడి తీశాను. బంపర్ మందం 3 మిల్లీమీటర్లు కాబట్టి గాడి లోతు 2 మిల్లీమీటర్లు. లోపలి అతుకు పూర్తయ్యాక బయటి వైపు కూడా అలాగే.

వెల్డింగ్ కడ్డీకి బజారుకు వెళ్లనక్కర్లేదు, ఆటోనగర్‌లో ఉండటం ఇక్కడ కలిసొచ్చింది. ప్రమాదంలో నుజ్జయిన బండ్ల నుంచి తీసిన పాత స్విఫ్ట్ బంపర్లు స్క్రాప్ దుకాణాల్లో దొరుకుతాయి. లోపలి గుర్తు ఒకటేనని చూసుకుని ఒకటి తెచ్చాను. పెయింటు గీరేసి, దాన్నుంచి అగ్గిపుల్ల కన్నా కాస్త వెడల్పైన పట్టీలు కోసుకున్నాను. రబ్బరు శాతం, టాల్క్ శాతం రెండూ కలిశాయి కాబట్టి కరిగి ఒకటైపోతాయి. బజారులో అమ్మే మామూలు పీపీ కడ్డీ కూడా అంటుతుంది గానీ, రబ్బరు లేని ఆ అతుకు పక్కనున్న బంపర్ కన్నా గట్టిగా ఉంటుంది. వంగినప్పుడు ఆ అంచు వెంట విరుగుతుంది.

పీపీ కరిగేది 165 డిగ్రీల దగ్గర. గన్ ముక్కు దగ్గర గాలి 300 డిగ్రీల వరకు ఉంచుతాను. కడ్డీ ఒక్కటే కరిగి కారితే అది అతుకు కాదు, పైన కూర్చున్న చుక్క మాత్రమే. కడ్డీ అడుగు, గాడి అంచులు రెండూ ఒకేసారి తడిగా మెరిసినప్పుడు కడ్డీని నొక్కుతూ ముందుకు పోవాలి. అతుకు రెండు పక్కలా సన్నని కరిగిన అంచు ఊరుతూ కనిపిస్తుంటే లోపల పట్టినట్టే. పొగ వస్తే వేడి ఎక్కువ, ప్లాస్టిక్ మాడుతోంది. మాడిన ప్లాస్టిక్ మీద ఇంక ఏదీ పట్టదు, గీరి తీసి మళ్లీ చేయాలి. మన దగ్గర చాలామంది సోల్డరింగ్ ఐరన్‌తో గీసి కలిపేస్తారు. అంచులు కలిసినట్టు కనిపిస్తాయి, కానీ కొత్త పదార్థం చేరదు, ఉన్న మందమే తగ్గుతుంది. పగులు ముక్కలను సమంగా పట్టి ఉంచడానికి వెనుకవైపు వేడి పిన్నులు దింపుతాను, స్టెయిన్‌లెస్ స్టీలువి మాత్రమే. అవి అతుకుకు సాయం, అతుకుకు బదులు కాదు.

ఫాగ్ లైట్ల చోటు ఈ కేసులో అసలైన కష్టం. మూత తీస్తే అక్కడ లోతైన గుంత, మధ్యలో పెద్ద రంధ్రం. దాన్ని బంపర్ వంపుతో కలిపి బయటికి తేవాలి. అట్టముక్కతో అచ్చు తీసుకుని, స్క్రాప్ బంపర్‌లో దగ్గరి వంపు ఉన్న భాగం నుంచి ముక్క కోశాను. వంపు పూర్తిగా కలవదు. ముక్కను అంతటా సమంగా వేడిచేసి, ఇసుక మూట మీద నొక్కి పట్టి చల్లారనిస్తే వంపు కుదురుతుంది. గుంత అంచు చుట్టూ చిన్న చిన్న నాలుకలు వెనుక నుంచి అతికించి, వాటి మీద ముక్కను కూర్చోబెట్టాను. అంచుకూ ముక్కకూ మధ్య కాగితం మందం సందు ఉంచాలి, బిగుతుగా కూర్చోబెడితే వెల్డింగ్ వేడికి సాగి పైకి ఉబ్బుతుంది. చుట్టూ చుక్కలుగా పట్టించి, ఒకదానికొకటి ఎదురుగా ఉన్న చోట్ల మార్చి మార్చి అతుకు వేశాను. ఒకే పక్క నుంచి చుట్టుకుంటూ వస్తే ముక్క మెలి తిరుగుతుంది. తడి గుడ్డ పెట్టి చల్లార్చకూడదు.

చల్లారేటప్పుడు పీపీ కుంచించుకుపోతుంది. అతికిన రోజే ఎమరీ పెట్టి చదును చేస్తే, మర్నాటికి ఆ గీత కొంచెం లోపలికి కుంగి కనిపిస్తుంది. అందుకే ఒక రాత్రి వదిలేశాను. తొందరలో ఉన్న కస్టమర్‌కు ఇది నచ్చదు. కానీ పెయింటు వేసిన తర్వాత కనిపించే గీతల్లో చాలా భాగం ఈ రాత్రి ఆగకపోవడం వల్ల వచ్చినవే.

నూగు

పీపీ మీద ఎమరీ పెడితే పొడి రాలదు, నూగు లేస్తుంది. సన్నని పోగులు నిలబడతాయి, మళ్లీ రుద్దితే పడుకుని మళ్లీ లేస్తాయి. ప్రైమర్ వేశాక ఇవి గరుకు చుక్కలుగా బయటపడతాయి. వేగంగా తిరిగే గ్రైండర్ పెడితే వేడికి ప్లాస్టిక్ కరిగి పూసుకుపోతుంది. కొత్త పదునైన కాగితం, తక్కువ వేగం, తక్కువ ఒత్తిడి, ఇదే దారి. వెల్డింగ్ గుబ్బలను 80 నంబరు ఎమరీ కాగితంతో దించి, 120, 180 మీదుగా వెళ్లాను. కింది గరుకు భాగాన్నీ 180తో గరుకు శిఖరాలు విరిగేదాకా రుద్దాము. పూర్తిగా నున్నగా చేయాలని చూడలేదు. అలా చేస్తే అసలు చర్మం పోయి నూగు రెట్టింపవుతుంది. లోయలు నింపడానికి ప్రైమర్ ఉంది. చివరగా మంట తగిలించే దశలో ఆ నూగు కూడా కాలిపోతుంది.

అంటించడం

గ్యాస్ టార్చ్ నీలి మంటను కొన మాత్రమే తగిలేలా, ఒక చోట ఆపకుండా చేతిని వేగంగా కదుపుతూ పచ్చి ప్లాస్టిక్ కనిపించే ప్రతి చోటా తిప్పాను. చెయ్యి ఆగితే ప్లాస్టిక్ మెరుస్తుంది, ఇంకా ఆగితే వంకర తిరుగుతుంది. దగ్గరలో థిన్నర్ డబ్బా గానీ, రిమూవర్ తడిసిన గుడ్డ గానీ ఉండకూడదు. పని జరిగిందో లేదో తెలుసుకోవడానికి నీళ్లు చల్లాను. మంట తగలని చోట నీళ్లు గుండ్రని బొట్లుగా నిలబడ్డాయి. తగిలిన చోట పల్చని పొరగా పరుచుకున్నాయి. బొట్లు కనిపించిన రెండు చోట్ల ఆరబెట్టి మళ్లీ మంట తిప్పాను. ఈ పరీక్షకు అయ్యే ఖర్చు చెంబెడు నీళ్లు. మన దగ్గర ఎవరూ ఎందుకు చేయరో నాకు అర్థం కాదు.

ఆపైన అడెషన్ ప్రమోటర్. దీనిలో ఉండేది క్లోరిన్ కలిపిన పాలీఓలెఫిన్, దాని ఒక పక్క పీపీని పట్టుకుంటుంది, రెండో పక్క ప్రైమర్‌ను పట్టుకుంటుంది. పల్చగా ఒక పూత చాలు. బాగా అంటాలని మందంగా కొడితే ఆ పొరే బలహీనమై మధ్యలో చీలుతుంది. డబ్బా మీద రాసిన సమయంలోగా పై పూత వేయాలి, ఆలస్యమైతే దాని జిగి పోతుంది. పాత కంపెనీ రంగు గట్టిగా ఉన్న భాగాలకు ఇది అవసరం లేదు, పచ్చి ప్లాస్టిక్‌కే.

అతుకుల మీద మిగిలిన సన్నని పల్లాలకు రెండు భాగాలు కలిపే, గట్టిపడ్డాక కూడా వంగే బంపర్ ఫిల్లర్ వాడాను. ఎక్కడా మిల్లీమీటరు దాటలేదు. ఫిల్లర్ అంతకన్నా మందం అడుగుతోందంటే అక్కడ వెల్డింగ్ సరిగా లేదని అర్థం, వెనక్కి వెళ్లి సరిచేయాలి.

ప్రైమర్, రంగు

హార్డెనర్ (గట్టిపరిచే ద్రవం) కలిపి వాడే, మందంగా నిండే టూకే ప్రైమర్‌లో, పొర వంగేలా చేసే ఫ్లెక్స్ అడిటివ్ కలిపి మూడు పూతలు, పూతకూ పూతకూ మధ్య ఆరనిచ్చి. దాని మీద నల్ల గైడ్ పొడి రుద్ది, పొడవైన రబ్బరు బ్లాకు మీద 320 పెట్టి అడ్డంగా, ఏటవాలుగా తోమాము. నలుపు మిగిలిన చోట పల్లం, ముందే తెల్లబడ్డ చోట మిట్ట. వేళ్లతో రుద్దితే వేళ్ల గాడులు పడతాయి, వంపు ఉన్న చోట కూడా మెత్తటి బ్లాకే వాడాలి. ఎడమ ఫాగ్ లైటు ముక్క పై అంచున సన్నని నలుపు చార మిగిలింది. అక్కడ మరో రెండు పూతలు ప్రైమర్ వేసి మళ్లీ తోమాము. చివర 600 నీటితో.

బేస్ కోట్ (రంగు పూత), క్లియర్ కోట్ (దాని పైన మెరుపు పూత) గురించి చెప్పేది తక్కువ. క్లియర్‌లోనూ ఫ్లెక్స్ అడిటివ్ కలిపాము. మామూలు తెలుపు కాబట్టి రంగు కలపడం తేలికైంది. ముత్యపు తెలుపైతే బంపర్‌కూ ఫెండర్‌కూ తేడా రాకుండా చూసుకోవడం ఒక ప్రత్యేకమైన పని. రంగు ఆరబెట్టేటప్పుడు బంపర్‌ను బండికి ఉన్నట్టే ఆనించి పట్టే చట్రం మీద ఉంచాలి. 60 డిగ్రీల వేడిలో ఆనిక లేకపోతే అది తన బరువుకే సాగి, బిగించేటప్పుడు క్లిప్పులకు అందదు.

ఒక మాట గట్టిగా చెప్పాలి. టూకే ప్రైమర్, క్లియర్ కోట్ హార్డెనర్లలో ఐసోసైనేట్లు అనే రసాయనాలు ఉంటాయి. అవి ఊపిరితిత్తుల్లోకి పోతే ఉబ్బసం తెప్పిస్తాయి. ఒకసారి శరీరానికి అది పడకుండా పోతే, తర్వాత కొంచెం తగిలినా ఊపిరి ఆడదు. ఆ మనిషి ఇంక ఈ వృత్తిలో ఉండలేడు. ముక్కుకు చేతిరుమాలు కట్టుకుని స్ప్రే చేసే కుర్రవాళ్లను రోజూ చూస్తున్నాను. రుమాలు, దుమ్ము మాస్కు దీనికి పనికిరావు. బయటి నుంచి శుభ్రమైన గాలి అందించే మాస్కు కావాలి, గాలి పోయే బూత్ కావాలి. మా షెడ్డులో ఆ మాస్కు లేకుండా ఎవరినీ స్ప్రే గన్ పట్టుకోనివ్వను. షెడ్డు పెట్టాలనుకునేవారు కంప్రెసర్ కన్నా ముందు దానికి డబ్బు పక్కన పెట్టాలి.

లాభమా, నష్టమా

ఈ బంపర్‌కు పగులు, గాట్లు మాత్రమే ఉంటే, కొత్త బంపర్ కొని రంగు వేయించుకోమని చెప్పేవాణ్ణి. స్విఫ్ట్‌కు బంపర్లు సులభంగా దొరుకుతాయి, ఇన్ని గంటల కూలి కన్నా అది చౌక. ఫాగ్ లైట్ల చోటు మూయాలన్న కోరికే ఈ పనికి అర్థం ఇచ్చింది, అలాంటి బంపర్ ఏ దుకాణంలోనూ అమ్మరు. దుకాణాలు మూసేసిన కంపెనీల బండ్లకు, విడిభాగాలు ఆగిపోయిన పాత మోడళ్లకు కూడా ఇదే పద్ధతి పనికొస్తుంది.

కొత్త బండ్ల వారికి ఒక హెచ్చరిక. డ్రైవర్‌కు సాయపడే వ్యవస్థలున్న కార్లలో బంపర్ చర్మం వెనుక రాడార్ ఉండవచ్చు. పక్కల వచ్చే బండ్లను చూసేవి సాధారణంగా వెనుక బంపర్ మూలల్లో ఉంటాయి. ఆ చోట్ల అదనపు ఫిల్లర్, అతుకు, మందమైన మెటాలిక్ రంగు రాడార్ చూపును చెడగొడతాయి. అలాంటి భాగం పగిలితే బంపర్ మార్చడమే సరైన పని.

తర్వాత

జూన్ మొదట్లో ఒక ఎండాకాలం తిరిగిన బండిని తెప్పించుకుని చూశాను. ట్యూబ్‌లైట్ వెలుగు బంపర్ మీద పడేలా నిలబెట్టి, పక్క నుంచి ఆ వెలుగు గీతను చూస్తూ నడిచాను. రెండు ఫాగ్ లైటు ముక్కల అంచుల దగ్గరా గీత విరగలేదు. ఎడమ మూల పగులు ఉన్న చోట చేత్తో వంచి చూశాను, తెల్లదనం రాలేదు. హైవే మీద రాళ్లు తగిలి ముందు భాగంలో కొన్ని చుక్కలు లేచాయి. వాటిని భూతద్దంతో చూస్తే రంగు ప్రైమర్ వరకే పోయింది, కింద ప్లాస్టిక్ బయటపడలేదు, అంచులను గోటితో గీకినా పొర లేవలేదు. ప్రైమర్ పీపీని పట్టుకుందనడానికి ఇంతకన్నా మంచి రుజువు నాకు తెలియదు.

ఇప్పుడతను వెనుక బంపర్ కూడా చేయమంటున్నాడు. పాత పార్కింగ్ సెన్సర్లు పెట్టి తీసేసిన రంధ్రాలున్నాయి, వాటిని మూస్తాను, రిఫ్లెక్టర్లు ఉంటాయి. "బాబూ, వర్షాలు వెళ్లాక రా" అని చెప్పాను. టూకే హార్డెనర్ గాలిలోని తేమతో కలిస్తే పొరలో బుడగలు లేస్తాయి, మా షెడ్డులో తేమను అదుపు చేసే బూత్ లేదు. కంప్రెసర్‌కు నీళ్లు పట్టే ఫిల్టర్ ఎంత మంచిది పెట్టినా, జూలై, ఆగస్టు నెలల్లో ఆ పని మొదలుపెట్టను.